ఒక్కటే మైక్రోస్కోపు, 42 మంది పిల్లలు: కణం పాఠం ఎలా మొదలుపెట్టాలి?

మేడమ్, మీ ఇబ్బంది నాకు బాగా అర్థమైంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో కొత్తగా చేరారు, ఎనిమిదో తరగతిలో 42 మంది, బడి మొత్తానికి ఒకటే మైక్రోస్కోపు. ఉల్లిపొర స్లైడ్ పెట్టి వరసగా పిలిస్తే సగం మంది "నల్లగా ఉంది మేడమ్" అన్నారు, మిగతా సగం సరిగ్గా చూడకుండానే "కనిపించింది" అని వెళ్ళిపోయారు, ఈలోపు గంట కొట్టేశారు. ఇంత తంటా దేనికి, బోర్డు మీద పెద్ద బొమ్మ వేసి భాగాలు గుర్తించి పాఠం ముగిస్తే తప్పా అని అడిగారు.

చాలా బళ్ళలో జరుగుతున్నది అదే. నేను జీవశాస్త్రం చెప్పటం మొదలుపెట్టి 26 ఏళ్ళయింది, మొదటి అయిదారేళ్ళు నేనూ బొమ్మతోనే మొదలుపెట్టాను. తర్వాత ఒకసారి, అదే పిల్లలు పదో తరగతికి వచ్చాక, "నీ చెయ్యి దేనితో తయారైంది?" అని అడిగాను. ఎముకలు, మాంసం, రక్తం, చర్మం అన్నారు, కణాలు అని ఒక్కరూ అనలేదు. "మరి కణాలు ఎక్కడుంటాయి?" అంటే "రక్తంలో ఉంటాయి సార్" అన్నారు. రక్తకణాలు అనే మాట విని ఉన్నారు కదా, అందుకని. బస్తాలో బియ్యం ఉన్నట్టు ఒంట్లో ఎక్కడో కణాలు ఉన్నాయనుకుంటున్నారు తప్ప, గోడ అంతా ఇటుకలే అయినట్టు ఒళ్ళంతా కణాలే అని వాళ్ళకి తట్టలేదు. బొమ్మ ఎంత బాగా వేసినా ఆ సంగతి చెప్పదు, ఎందుకంటే బొమ్మలో ఒకే కణం ఉంటుంది, అదీ పేజీ అంత పెద్దగా. అప్పటినుంచి నేను వరస మార్చాను. ముందు చూడటం, తర్వాత చూసింది గీయటం, ఆ తర్వాత పేరు, అన్నిటికన్నా చివర్న పుస్తకంలో బొమ్మ. మీకు చెప్పబోయేదంతా ఈ వరస గురించే.

మైక్రోస్కోపు ముట్టుకునే ముందు మాట సంగతి ఒకటి ఉంది. తెలుగు మీడియం పిల్లలకి భౌతికశాస్త్రంలో "పదార్థ కణాలు" అని చెబుతాం, ఎలక్ట్రాన్ కూడా కణమే అంటాం, మళ్ళీ జీవశాస్త్రంలో కణం అంటే ఇంకొకటి. ఇంగ్లీషు మీడియం వాళ్ళకేమో సెల్ అంటే ఫోను, లేకపోతే టార్చిలైటులో వేసే బ్యాటరీ. రెండు రకాల పిల్లలకీ గందరగోళమే. మొదటి రోజు బోర్డు మీద అణువు, కణం, ఇసుక రేణువు, చీమ అని రాసి, చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టమనండి. అణువు, కణం ఒకటే అని తరగతిలో చాలామంది రాస్తారు. అప్పుడు చెప్పండి, ఒక్క ఉల్లిపొర కణంలో లక్షల కోట్ల నీటి అణువులు ఉంటాయని. ఆ తర్వాత ఒక కోడిగుడ్డు పళ్ళెంలో పగలగొట్టి చూపించండి. మనం బజారులో కొనే ఫారం గుడ్డు పొదిగేది కాదు కాబట్టి దాని పచ్చసొన మొత్తం ఒకే ఒక కణం. తెల్లసొన, పెంకు కణంలో భాగం కావు, అవి దానికి కాపలా. పచ్చసొన మీద కందిగింజ కన్నా చిన్న తెల్లటి మచ్చ ఉంటుంది, కేంద్రక పదార్థం ఉండేది అక్కడే. కణం అంటే కంటికి కనిపించనిది అని కంఠతా పట్టిన పిల్లలు పళ్ళెం చుట్టూ మూగుతారు. అయిదు నిమిషాల పని, ఖర్చు ఒక గుడ్డు.

రెండో రోజు మైక్రోస్కోపు తీయండి కానీ ఉల్లిపాయ తేవద్దు. దినపత్రిక తెమ్మనండి. చిన్న అక్షరాల్లో "ర" లాంటి అక్షరం ఒకటి కత్తిరించి, స్లైడ్ మీద నీటి చుక్క వేసి, మామూలుగా చదివే దిక్కులోనే పెట్టి చూడమనండి. తలకిందులుగా, కుడిఎడమలు మారి కనిపిస్తుంది. స్లైడుని కుడికి జరిపితే అక్షరం ఎడమకి పోతుంది. ఇది ముందే తెలియకపోతే, రేపు కణం పక్కకి పోతున్నప్పుడు పిల్లవాడు స్లైడుని ఇంకా అటే తోస్తాడు. తర్వాత రంగు ఫొటో ముక్క పెట్టండి, సినిమా హీరో మొహమైతే ఇంకా మంచిది. మొహం మాయమై నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు మాత్రం మిగులుతాయి. "నున్నగా ఒకటే రంగు అనుకున్నది చుక్కల గుంపు" అని వాళ్ళ నోటితో వాళ్ళే అంటారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, ఉల్లిపొర రోజు మళ్ళీ పనికొస్తుంది.

ఇక మీ ముఖ్యమైన సమస్య, "నల్లగా ఉంది మేడమ్". దీనికి కారణాలు నాలుగైదే. అద్దం వెలుతురు వైపు తిరిగి లేకపోవటం, వస్తుకటకం (స్లైడు పైన ఉండే కటకం) టక్కుమని సరైన చోట పడకపోవటం, స్లైడు పెట్టే స్టేజి కింద ఉన్న వెలుతురు రంధ్రం మూసుకుని ఉండటం, లేకపోతే పిల్లవాడు కన్ను అక్షికటకానికి (పైన కన్ను పెట్టి చూసే కటకానికి) పూర్తిగా ఆనించేయటం. కన్ను ఒక సెంటీమీటరు దూరంలో ఉండాలి, ఆనిస్తే వాళ్ళ కనురెప్పల వెంట్రుకలే వాళ్ళకి కనిపిస్తాయి. నా తరగతిలో ఒకడు ఆ వెంట్రుకల్ని ఎంతో శ్రద్ధగా బొమ్మ గీశాడు. ఒక కన్ను మూయటం చాలామంది పిల్లలకి రాదు, మొహం అంతా ముడుచుకుని మూస్తే రెండో కన్ను కూడా సగం మూసుకుపోతుంది. అరచెయ్యి అడ్డం పెట్టుకోమనండి, రెండు కళ్ళూ తెరిచే ఉండనివ్వండి. అద్దాన్ని సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పనివ్వకండి, కన్ను పాడవుతుంది, ఇందులో మొహమాటం వద్దు. ఎండ పడని కిటికీలోంచి కనిపించే ఆకాశం గానీ, తెల్ల గోడ గానీ, ఎల్‌ఇడి బల్బు గానీ చాలు. కింద కండెన్సర్ లేని మామూలు స్కూలు మైక్రోస్కోపుకి గుంట అద్దం వైపు పెట్టుకోండి, వెలుతురు ఎక్కువ వస్తుంది.

ఫోకస్ చేయటం మాత్రం ఒక్కొక్కరికీ చేయి పట్టి నేర్పాల్సిందే. పక్కనుంచి చూస్తూ 10ఎక్స్ (పది రెట్లు పెద్దది చేసే) వస్తుకటకాన్ని స్లైడుకి బాగా దగ్గరగా దించాలి, ఆ తర్వాత కన్ను పెట్టి పెద్ద మరని పైకి తిప్పుతూ రావాలి. లోపల చూస్తూ కిందికి దించటం ఎప్పుడూ చేయకూడదు. నా మొదటి ఏడాది ఒక అబ్బాయి 45ఎక్స్ మీద ఉండగా పెద్ద మర తిప్పాడు, స్లైడ్ పగిలి కటకం మీద గీత పడింది. తప్పు వాడిది కాదు, నేను చెప్పలేదు. ఆ గీతతోనే రెండేళ్ళు నెట్టుకొచ్చాం, రెండేళ్ళ పిల్లలు మంచులో చూసినట్టు చూశారు. అప్పటినుంచి నా తరగతిలో 45ఎక్స్ తిప్పేది నేనే, దాని మీద చిన్న మర తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు.

మూడో రోజు ఉల్లిపాయ. పొర తీయటంలోనే చాలామంది ఓడిపోతారు. ఉల్లి రేకకి లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు పొర తీయాలి. రేకని వెనక్కి విరిస్తే పల్చటి ప్లాస్టిక్ కాగితంలా అంచు లేస్తుంది, దాన్ని ఫోర్సెప్స్‌తో మెల్లగా లాగండి. గాలిలో ఉంచితే చుట్టుకుపోతుంది కాబట్టి వెంటనే నీళ్ళున్న వాచ్‌గ్లాసులో గానీ సాసరులో గానీ వేయండి. చిన్న పెయింటింగ్ బ్రష్‌తో స్లైడ్ మీదకి తీసుకుని పరిచి, ఒక చుక్క సాఫ్రానిన్ అనే ఎర్ర రంగు వేసి అర నిమిషం ఆగి కడిగి, కవర్‌స్లిప్‌ని ఒక అంచు ముందు ఆనించి సూది సాయంతో ఏటవాలుగా దించండి. సాఫ్రానిన్ లేదంటే ప్రయోగం మానక్కర్లేదు, మందుల షాపులో దొరికే బెటాడిన్ ద్రావణం రెండు చుక్కలు నీళ్ళలో కలిపి వాడండి, కేంద్రకం పసుపు గోధుమ రంగులో చక్కగా తేలుతుంది.

కవర్‌స్లిప్ గభాలున వేస్తే గాలి బుడగలు వస్తాయి, పిల్లలు అన్నిటికన్నా ముందు చూసేది వాటినే. గుండ్రంగా, అంచు దట్టంగా నల్లగా, లోపల మెరుస్తూ అందంగా ఉంటాయి మరి. "కణం కనిపించింది సార్, గుండ్రంగా ఉంది" అంటే అది బుడగే అనుకోండి. అందుకని నేను ముందుగానే సబ్బు నురగతో ఒక బుడగల స్లైడ్ తయారుచేసి అందరికీ చూపించి, "ఇది కణం కాదు, గాలి" అని చెప్పేస్తాను. కణం కాని దాన్ని గుర్తుపట్టటం వస్తే కణాన్ని గుర్తుపట్టటం సగం వచ్చినట్టే.

ఇప్పుడు గీయటం. పుస్తకాలన్నీ బ్యాగుల్లో పెట్టించండి, ఈ విషయంలో గట్టిగా ఉండండి. తెల్ల కాగితం మీద గుండ్రం గీసుకుని, పక్కపక్కన ఉన్న మూడు నాలుగు కణాలు కనిపించినవి కనిపించినట్టు పెన్సిల్‌తో గీయమనండి. పేర్లు రాయొద్దు, రంగులు వద్దు. నాలుగేళ్ళ కిందటి సంగతి ఒకటి చెబుతాను. ఒక అమ్మాయి మైక్రోస్కోపు దగ్గర మూడు నిమిషాలు కదలకుండా నిలబడి చూసి, వెళ్ళి గీసుకుంటోంది. నేను వెనకనుంచి వెళ్ళేసరికి రబ్బరుతో చెరుపుతోంది. కాగితం మీద ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి, కేంద్రకాన్ని సరిగ్గా గోడకి ఆనించి గీసింది, ఇప్పుడు దాన్ని చెరిపి కణం మధ్యలో పెడుతోంది. ఎందుకమ్మా అంటే "నాకు తప్పుగా కనిపించింది సార్, మధ్యలో ఉండాలి కదా" అంది. పక్క పిల్ల ట్యూషన్‌లో చూసిన బొమ్మ గుర్తుపెట్టుకుని మధ్యలో గీసింది, అది చూసి ఈ పిల్ల తన కంటిని తానే నమ్మటం మానేసింది. నాకు మనసు చివుక్కుమంది. ఆ పిల్ల కాగితాన్ని తరగతి మొత్తానికి చూపించి, ఆమెకి మొదట కనిపించిందే నిజం అని చెప్పాను. ఉల్లిపొర కణంలో చోటంతా పెద్ద రిక్తికే ఆక్రమిస్తుంది, నీళ్ళు నింపిన సంచిలా అది ఉబ్బి కేంద్రకాన్నీ కణద్రవ్యాన్నీ గోడ వైపు నెట్టేస్తుంది. కొన్ని కణాల్లో కేంద్రకం మధ్యలో ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి అది పై గోడకో కింది గోడకో ఆని ఉంటుంది, మనం పైనుంచి చూస్తున్నాం కాబట్టి అలా అనిపిస్తుంది. చిన్న మరని అటూ ఇటూ కొంచెం తిప్పించండి, ఒకసారి గోడ స్పష్టంగా ఉంటే కేంద్రకం మసకబారుతుంది, కేంద్రకం తేలితే గోడ మసకబారుతుంది. కణానికి లోతు ఉంది, అది కాగితం మీద గీసిన గడి కాదు, అగ్గిపెట్టె లాంటిది అని అప్పుడు తెలుస్తుంది.

కొలతలు మాత్రం వదలకండి, లెక్కల భయం ఉన్న పిల్లలు కూడా ఇందులో చేరతారు. స్లైడ్ బదులు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ స్కేలు పెట్టి, 10ఎక్స్‌లో వెలుతురు గుండ్రం ఈ చివరనుంచి ఆ చివరకి ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. మా మైక్రోస్కోపుకి ఒకటిన్నర కన్నా కొంచెం ఎక్కువ, 1.6 అని తీసుకుంటాం. మీది వేరుగా ఉండొచ్చు, కొలుచుకోండి. తర్వాత ఉల్లిపొర పెట్టి అదే గుండ్రంలో పొడవువారీగా ఎన్ని కణాలు పడతాయో లెక్కపెట్టమనండి. అయిదు పడితే ఒక్కో కణం 0.32 మిల్లీమీటర్లు, అంటే 320 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లు. ఉల్లిపొర కణం వెంట్రుక మందం కన్నా పొడుగైంది అని పిల్లలు తమ లెక్కతో తామే కనిపెడతారు.

రాబర్ట్ హుక్ సంగతి నేను చెప్పేది సరిగ్గా ఈ లెక్క అయ్యాకే, పాఠం మొదట్లో కాదు. 1665లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన సీసా బిరడాలు చేసే బెండుని పల్చగా కోసి చూసి, ఆ గదుల్లాంటి వాటికి సెల్ అన్న మాట వాడాడన్నది అందరికీ తెలిసిందే. ఆయన వాటిని లెక్కపెట్టాడన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఒక అంగుళం పొడవులో 1,080 గదులు పడతాయని తేల్చి, దాన్ని ఘనపు అంగుళానికి పెంచాడు. 1,080ని 1,080తో, వచ్చినదాన్ని మళ్ళీ 1,080తో గుణించమనండి, 125 కోట్ల 97 లక్షల 12 వేలు వస్తుంది. ఆయనకీ నమ్మబుద్ధి కానంత అంకె అది. స్కేలు పెట్టి తామూ అదే పని చేశారు కాబట్టి పిల్లలకి హుక్ ఒక పరీక్ష బిట్టులా కాకుండా తమలాంటి మనిషిలా కనిపిస్తాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల ఖాళీ గోడలే. కేంద్రకానికి ఆ పేరు పెట్టింది రాబర్ట్ బ్రౌన్, 1831లో, ఆర్కిడ్ మొక్కల కణాల్లో దాన్ని చూసి. మధ్యలో 166 ఏళ్ళు. జీవులన్నీ కణాలతోనే ఏర్పడ్డాయని ష్లైడెన్, ష్వాన్ తేల్చింది 1838, 39లలో. మన పిల్లలు ఒక్క పిరియడ్‌లో కేంద్రకం చూస్తున్నారంటే అది రంగు గొప్పతనం, మెరుగైన కటకాల గొప్పతనం, ఆ మాట వాళ్ళకి చెప్పండి.

ఎర్ర ఉల్లిపాయ దొరికితే ఇంకొక పని చేయండి, నా దృష్టిలో ఎనిమిదో తరగతి మొత్తంలో దీన్ని మించిన ప్రయోగం లేదు. ఈసారి రేక వెలుపలి వైపు, ఊదారంగు ఉన్న పొర తీయండి. రంగు వేయక్కర్లేదు, రిక్తికలో దాని రంగు దానికే ఉంటుంది. కణాలన్నీ అంచుల దాకా ఊదాగా నిండి కనిపిస్తాయి. ఇప్పుడు కవర్‌స్లిప్ ఒక పక్కన గట్టి ఉప్పునీళ్ళు ఒక చుక్క వేసి, రెండో పక్కన వడపోత కాగితం గానీ టిష్యూ గానీ ఆనించి ఆ నీళ్ళని లోపలికి లాగండి. రెండు మూడు నిమిషాల్లో ఊదారంగు గోడల్ని వదిలి మధ్యకి ముడుచుకుంటుంది, గోడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కణకవచం (బయటి గోడ) వేరు, లోపలి త్వచం (పల్చటి పొర) వేరు అని నోటితో ఎంత చెప్పినా ఎక్కనిది అక్కడ కంటికి కనిపిస్తుంది. మళ్ళీ మంచినీళ్ళు పంపితే చాలా కణాలు తిరిగి నిండుతాయి. ఊరగాయలో ఉప్పు ఎందుకు వేస్తారు, ఉప్పు పట్టించిన మామిడి ముక్క ఎందుకు నీరు వదులుతుంది అని అడగండి, జవాబు వాళ్ళే చెబుతారు.

చెంప కణాల గురించి త్వరగా చెప్పేస్తాను. ఎవరి చెంప లోపలి భాగం వాళ్ళే, ఎవరి ఇయర్‌బడ్ వాళ్ళే, నోరు పుక్కిలించి మెల్లగా రుద్దాలి, వాడినవి వెంటనే చెత్తలో. రక్తం జోలికి మాత్రం బళ్ళో వెళ్ళకండి. ఈ కణాలకి వేసే నీలం రంగు మిథిలీన్ బ్లూ అయిపోతే రంగు చేపలు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, చేపల జబ్బులకి వాడతారు. ఉల్లిపొర కణాలు ఇటుకల్లా వరసగా, చెంప కణాలు చెదిరిన అప్పడాల్లా కనిపిస్తాయి, కణకవచం లేకపోతే ఆకారం ఎలా ఉంటుందో ఆ ఒక్క తేడాతో చెప్పేయొచ్చు. ఇంకొకటి, పచ్చి అరటికాయని చాకుతో కొంచెం గీకి నీళ్ళలో కలిపి బెటాడిన్ చుక్క వేయండి, పిండి రేణువులు నల్లనీలంగా కుప్పలు కుప్పలుగా ఉంటాయి. బాగా మగ్గిన అరటిపండుతో అదే చేస్తే రేణువులు చాలా తక్కువ, పిండి చక్కెరగా మారిపోయింది కదా.

కణం ప్రాణమున్నదని చూపించటానికి హైడ్రిల్లాకి మించింది లేదు. చెరువుల్లో నాచు అని పిలిచేవాటిలో సన్నటి ఆకులు గుత్తులుగా ఉండే మొక్క, ఆక్వేరియం షాపులో కూడా ఉంటుంది. కొస దగ్గరి లేత ఆకు ఒకటి తుంచి నీటి చుక్కలో పెట్టండి. ఆకు మందం రెండు వరసల కణాలే కాబట్టి కోత అక్కర్లేదు. కొంచెంసేపు దీపం వెలుతురులో ఉంచాక, నడి ఈనె దగ్గరి కణాల్లో చూడండి, హరితరేణువులు గోడ వెంబడి ఒకదాని వెనక ఒకటి గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు తిరుగుతుంటాయి. మొదటిసారి చూసిన పిల్లలు గట్టిగా అరుస్తారు, అరవనివ్వండి.

కదిలేదల్లా ప్రాణమున్నదే అని మాత్రం వాళ్ళని అనుకోనివ్వకండి. పెరుగునో దోసెల పిండినో నీళ్ళలో పల్చగా కలిపి 45ఎక్స్‌లో చూస్తే సన్నటి చుక్కలు, గీతలు ఉన్నచోటే వణుకుతుంటాయి, వాటిలో కొన్ని బాక్టీరియా. ఆ వణుకు మాత్రం నీటి అణువులు అన్ని వైపులనుంచీ కొట్టటం వల్ల వచ్చేది, ప్రాణం లేని దుమ్ముకి కూడా వస్తుంది. దాన్ని 1827లో పుప్పొడి లోపలి రేణువుల్లో గమనించి రాసింది కేంద్రకానికి పేరు పెట్టిన ఆ రాబర్ట్ బ్రౌనే. నిజంగా ఈదేవాటిని చూడాలంటే ఎండుగడ్డి నీళ్ళలో నానబెట్టి, చెరువు నీళ్ళు కొంచెం కలిపి, మూత పెట్టకుండా నాలుగైదు రోజులు ఉంచండి. పారామీషియంలు చాలా వేగంగా పరిగెడతాయి, దూది పోగులు రెండు మూడు వేస్తే వాటి మధ్య చిక్కుకుని నెమ్మదిస్తాయి. ఇక్కడ లీవెన్‌హుక్ కథ చెప్పటం నాకు ఇష్టం. హాలండ్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో బట్టల వ్యాపారి, ఆయన మైక్రోస్కోపులో ఉన్నది పూసంత ఒకే ఒక కటకం. మిరియం ఎందుకు ఘాటుగా ఉంటుందో తెలుసుకుందామని మిరియాలు నీళ్ళలో నానబెట్టి, 1676లో ఆ నీళ్ళు చూస్తే ఘాటు సంగతి తెలియలేదు గానీ, లెక్కలేనన్ని చిన్న జీవులు ఈదుతూ కనిపించాయి. లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తే అక్కడివాళ్ళు వెంటనే నమ్మలేదు, మరుసటి ఏడాది హుక్ తానే ప్రయోగం చేసి చూపించాక ఒప్పుకున్నారు. చూసినదాన్ని ఇంకొకరు కూడా చూసి ఒప్పుకోవటమే సైన్సు అని ఈ కథతో పిల్లలకి పట్టుబడుతుంది.

ఇవన్నీ అయ్యాక పుస్తకం తెరవండి. తెరవగానే ఒకడు లేచి అడుగుతాడు, "బొమ్మలో ఉన్న మైటోకాండ్రియా మడతలు మాకెందుకు కనపడలేదు సార్?" అని. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తి తయారుచేసిపెట్టే భాగాలు. మంచి ప్రశ్న, దాటవేయకండి. రవ్వ జల్లెడతో మైదాని, బియ్యప్పిండిని వేరుచేయగలమా అని అడగండి. రెండూ జల్లెడ కన్నుల కన్నా సన్నం కాబట్టి రెండూ కలిసే కిందపడతాయి. వెలుతురుతో చూసే మైక్రోస్కోపుదీ అదే ఇబ్బంది. దాదాపు 0.2 మైక్రాన్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని అది విడదీసి చూపలేదు, కాంతి తరంగాల పొడవే దాని జల్లెడ కన్ను. ఎంత పెద్దది చేసినా మసకే పెద్దదవుతుంది. ఆ హద్దు సంగతి ఎర్నెస్ట్ అబె అనే జర్మన్ శాస్త్రవేత్త 1873లోనే తేల్చాడు. కాంతి బదులు ఎలక్ట్రాన్లు వాడే మైక్రోస్కోపు 1931లో నోల్, రుస్కా చేసి చూపాక ఆ హద్దు దాటగలిగాం. మైటోకాండ్రియా లోపలి మడతలు, రైబోజోములు, కరోనా వైరస్, ఇవన్నీ అందులో చూసినవే. కానీ అందులో పెట్టాలంటే కణాన్ని చంపి, నీరంతా తీసేసి, పల్చటి ముక్కలుగా కోసి శూన్యంలో ఉంచాలి, వచ్చే బొమ్మ నలుపు తెలుపే, రంగులు తర్వాత మనం వేసుకున్నవి. ప్రదక్షిణ చేసే హరితరేణువుల్ని అది చూపలేదు. పుస్తకంలో బొమ్మ ఏ ఒక్క కణాన్నీ చూసి గీసింది కాదని, ఎన్నో కణాల్లో ఎన్నో రకాలుగా చూసినదంతా ఒకచోట పెట్టిన పటం అని అప్పుడు చెప్పండి. మైటోకాండ్రియా, శక్తి అనే మాట వచ్చినప్పుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తప్పకుండా చెప్పండి. కణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం లాంటి ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్నవారిలో ఆయన ఒకరు.

ఇంక 42 మంది సంగతి. ఒకే పిరియడ్‌లో అందరికీ చూపించాలన్న టెన్షన్ వదిలేయండి. ఆరుగురు చొప్పున ఏడు జట్లు చేసి, ఒక జట్టు మైక్రోస్కోపు దగ్గర ఉంటే మిగతా జట్లకి వేరే పని ఇవ్వండి, ఒకరు పొర తీయటం, ఒకరు స్కేలుతో లెక్క, ఒకరు అగ్గిపెట్టెలతో కణజాలం కట్టటం. పిరియడ్‌కి రెండు జట్లు, నాలుగు పిరియడ్లలో పూర్తవుతుంది. సిలబస్ వెనకబడుతుందని ప్రధానోపాధ్యాయులు అడిగితే, బొమ్మలు గీసే పిరియడ్లు ఎటూ ఇందులో కలిసిపోతున్నాయని చెప్పండి. ఫోన్ కెమెరాని అక్షికటకానికి ఆనించి తీసి, తరగతిలో డిజిటల్ ప్యానెల్ (పెద్ద తెర) ఉంటే దాని మీద వేయొచ్చు, చర్చకి చాలా బాగుంటుంది. అయితే ప్రతి పిల్లా పిల్లవాడూ తమ కంటితో చూశాకే అది చేయండి. తెర మీద చూసింది వీడియోలాగే అనిపిస్తుంది, తాను మర తిప్పి తేల్చుకున్నది తనదనిపిస్తుంది. అవకాశం ఉంటే కాగితంతో మడిచి చేసుకునే ఫోల్డ్‌స్కోపులు కొన్ని తెప్పించుకోండి. స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేసే మను ప్రకాష్ బృందం చేసింది, 140 రెట్లు పెద్దది చేస్తుంది, ఉల్లిపొర కేంద్రకాలు అందులో కనిపిస్తాయి, ఇంటికి కూడా పంపొచ్చు.

చివరగా మైక్రోస్కోపు సంరక్షణ. మన దగ్గర వానాకాలం తేమకి కటకాల మీద బూజు పడుతుంది, ఒకసారి పడితే మచ్చ పోదు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, రంగు మారితే పొట్లాలు మార్చండి. కటకాల్ని చున్నీతోనో చొక్కా అంచుతోనో తుడవనివ్వద్దు, లెన్స్ కాగితం లేకపోతే కళ్ళజోడు షాపులో ఇచ్చే మెత్తటి గుడ్డ చాలు, అదీ ముందు దుమ్ము ఊది. పని అయ్యాక 10ఎక్స్ కిందికి తిప్పి, స్లైడ్ తీసేసి, ఒక చెయ్యి మెడ మీద, ఒక చెయ్యి అడుగున పెట్టి మోయాలి, పిల్లలతో మోయించినా అలాగే. రేపు మీరు బడికి వెళ్ళగానే ముందు ఆ అద్దం తీసి రెండు వైపులా చూడండి. పాత మైక్రోస్కోపుల్లో అద్దం పూత ఊడిపోయి ఉంటుంది, మీ పిల్లలకి నల్లగా కనిపించటానికి సగం కారణం అదే కావచ్చు. గాజు షాపులో అదే కొలతకి మామూలు అద్దం ముక్క కోయించి అతికించండి, గుంట అద్దం అంత వెలుతురు ఇవ్వకపోయినా కింద బల్బు పెడితే ఉల్లిపొరకి సరిపోతుంది.